గట్టుమీది అడవి కంది తీగ: గుర్తుపట్టు విధము

పేట్ బషీరాబాద్ ఒకనాడు నాగపూరు బాట ప్రక్కనున్న పల్లె. 2007లో కుత్బుల్లాపూర్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలసిన పిమ్మట ఆ ప్రాంతపు చెలకలు చాలవరకు ఇండ్ల స్థలములైనవి. అయినను దూలపల్లి అడవి అంచున, మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలములలో, రాతిగుండ్ల నడుమ ఎర్రనేల బీళ్ళు ఇంకను మిగిలియున్నవి. ఆ బీళ్ళలోను, గట్ల గడ్డిలోను, కంచె పొదలపైనను వానకాలము చివర పసుపుపచ్చని చిన్న పూలు పూయు సన్నని తీగ యొకటి కనబడును. ఎవరును విత్తినది కాదు, ఎవరును నీరు పోసినది కాదు.

ఆ పేట దాపున మిగిలిన ఒక చెలక గట్టుమీద రైతుతో కలసి నడచుచుండగా ఆయన ఈ తీగను పీకి నా చేతికిచ్చి, "ఇది ఉలవనా సారూ? నేనైతే ఉలవ చల్లలే" అని అడిగెను. నేను ఒక కాయను విప్పి చూపి, ఇది ఉలవ కాదనియు, ఆయన చేనులోని కందికి దగ్గరి చుట్టమనియు చెప్పితిని. ఆయన వెంటనే, "చుట్టమైతే అయింది గని, దీంతోటి నాకేమొస్తది?" అని అడిగెను. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పవలెనన్నచో ముందు ఆ మొక్కను తప్పులేకుండ గుర్తుపట్టుట తెలియవలెను. గుర్తుపట్టలేని దానిని కాపాడుట ఎవరి వశము కాదు.

పేరు

శాస్త్రజ్ఞులు ఈ తీగను 'కజానస్ స్కారబియాయిడిస్' అందురు. 'కజానస్' అనునది కంది కుటుంబపు ఇంటిపేరు. మనము పండించు కంది 'కజానస్ కజాన్'. 'స్కారబియాయిడిస్' అనగా పేడపురుగును పోలినది అని అర్థము. 1753లో లిన్నేయస్ దీనికి ఈ రెండవ పేరు పెట్టి, మొదటి పేరుగా 'డాలికస్' అని వ్రాసెను. తరువాత చాలకాలము దీనిని 'అటైలోసియా' అను వేరు ప్రజాతిలో ఉంచిరి. 1980 దశకమున వాన్ డెర్ మేసెన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ అడవి మొక్కలన్నిటిని పరిశీలించి, ఇవియు కందియు ఒకే ఇంటివని తేల్చి 'కజానస్'లో కలిపెను. పాత పుస్తకములలో 'అటైలోసియా స్కారబియాయిడిస్' అని కనబడినచో అది ఈ మొక్కయే యని గ్రహింపుడు. ఈ వ్యాసమున దీనిని 'అడవి కంది తీగ' అని పిలుచుకొందము.

చిక్కుడు కుటుంబపు పువ్వు

అడవి కంది తీగ చిక్కుడు, పెసర, మినుము, శనగ చేరిన కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబపు పువ్వు ఎట్లుండునో ముందు కందిపువ్వును చేతబట్టి చూడుడు. వెనుకవైపు ఒక పెద్ద రేకు జెండావలె నిలిచియుండును. దాని ముందు ఇరుప్రక్కల రెండు రేకులు రెక్కలవలె ఉండును. క్రింద రెండు రేకులు అంటుకొని పడవవలె అమరి, పుప్పొడిని, కాయ కాగల భాగమును లోపల దాచియుంచును. ఇట్టి పువ్వు, విరిసిన తరువాత రెండు బద్దలుగా చీలు కాయ, ఈ రెండును ఉన్నచో మీ చేతిలోనిది ఈ కుటుంబపు మొక్కయే.

ఈ కుటుంబపు తీగలు మన గట్లపై అరడజను రకములకు తక్కువ కాకుండ ఉండును. అందుచేత ఒక్క పువ్వును చూచి నిర్ణయింపరాదు. కాండము, ఆకు, పువ్వు, కాయ, గింజ, ఈ అయిదింటిని వరుసగా చూడవలెను.

అయిదు గుర్తులు

మొదటిది కాండము. అడవి కంది కాండము సన్ననిది, బలమైనది. ఆనుకొనుటకు గడ్డి దుబ్బుగాని, పొదగాని దొరికినచో దానికి చుట్టుకొని పైకి ప్రాకును. దొరకనిచో నేలపై పరచుకొనును. కాండమంతట బూడిద లేక గోధుమ రంగు పొట్టి నూగు దట్టముగా ఉండును. వ్రేళ్ళ నడుమ నలిపి చూచినచో మెత్తని గుడ్డవలె తగులును. బటాణీ తీగవలె దీనికి నులితీగలు ఉండవు, కాండమే చుట్టుకొనును.

రెండవది ఆకు. కందికి వలెనే ఒక్కొక్క ఆకులో మూడు చిట్టి ఆకులు ఉండును. కాని కంది చిట్టి ఆకులు పొడవుగా, కొన సూదిగా ఉండును. అడవి కందివి కోడిగ్రుడ్డు ఆకారమున, కొన గుండ్రముగా ఉండును. పొడవు సాధారణముగా ఒకటిన్నర మొదలు నాలుగు సెంటీమీటర్లు. ఆకు మందముగా, కొంచెము తోలువలె గట్టిగా ఉండును. ఆకును తిరగవేసి చూచినచో మొదటినుండియే మూడు ఈనెలు స్పష్టముగా ఎత్తుగా కనబడును. అడుగు భాగమున నూగు ఎక్కువ.

మూడవది పువ్వు. వానలు తగ్గు సమయమున, అనగా సెప్టెంబరు మొదలు నవంబరు దాక, పూత ఎక్కువగా ఉండును. ఆకు మొదట, కణుపు దగ్గర, పొట్టి కాడమీద ఒకటి మొదలు అయిదు పూల వరకు వచ్చును. పువ్వు పొడవు ఒక సెంటీమీటరు దరిదాపు. రంగు పసుపుపచ్చన, జెండా రేకుపై ఎర్రని లేక ఊదారంగు గీతలు ఉండును. పూలకాడ పొట్టిగా ఉండి, పూలు ఆకుల చాటున ఉండుట ముఖ్యమైన గుర్తు.

నాలుగవది కాయ. అన్నిటికంటె ఇది నమ్మదగిన గుర్తు. కాయ ఒకటిన్నర మొదలు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరుకు కొంచెము మించిన వెడల్పు కలిగియుండును. దానిపై పొడవైన ఎర్రగోధుమ రంగు నూగు దట్టముగా ఉండును. గింజకు గింజకు మధ్య కాయమీద అడ్డముగా, తిన్నగా నొక్కినట్లు గాడి పడియుండును. కందికాయపై ఈ గాళ్ళు ఏటవాలుగా ఉండును. అడవి కందిపై నిలువుకోతవలె తిన్నగా ఉండును. ఒక కాయలో సాధారణముగా మూడు మొదలు ఆరు గింజలు ఉండును.

అయిదవది గింజ. నాలుగు మిల్లీమీటర్ల దరిదాపు పొడవు, నలుపు రంగు, గట్టి పైపొర. గింజ కన్ను దగ్గర ఉబ్బిన బొడిపె యొకటి ఉండును. మనము పండించు కందిగింజకు ఈ బొడిపె ఉండదు. బొడిపె ఉన్నవాటిని 'అటైలోసియా' అనియు, లేనిదానిని 'కజానస్' అనియు పూర్వము వేరుచేసిరి. ఎండిన కాయ టప్పున పగిలి మెలిపడి గింజలను దూరముగా విసరివేయును. కాన గింజను చూడవలెనన్నచో కాయ గోధుమరంగు తిరిగి పగులకముందే కోయవలెను.

పొరపాటు పడు తీగలు

అడవి కందిని తప్పుగా చూచుటకు కారణమగు తీగలు కొన్ని కలవు. వాని తేడాలను ఈ క్రింద చెప్పుచున్నాము.

ఉలవ: గట్టుపై తనంత మొలచిన ఉలవను అడవి కంది యనుకొనుట, అడవి కందిని ఉలవ యనుకొనుట సామాన్యము. ఉలవ ఆకు పలుచన, మెత్తన, కొన మొనదేలియుండును. పువ్వు వెలిసిన పసుపు రంగు. కాయ బల్లపరుపుగా, కొడవలివలె వంగి, అడవి కంది కాయకు రెండింతల పొడవుండును. గింజల మధ్య లోతైన అడ్డగాళ్ళు ఉండవు.

పిల్లిపెసర: దీని చిట్టి ఆకు మూడు పాయలుగా కోసినట్లుండును. పూలకాడ పొడవుగా లేచి దాని కొనన పసుపు పూలు గుంపుగా ఉండును. కాయ సన్నని పుల్లవలె గుండ్రముగా ఉండును. ఆకు పాయలను చూచినచో చాలును.

రింకోసియా మినిమా: అనుభవము కలవారిని సయితము మోసగించునది ఇదే. మూడు చిట్టి ఆకులు, పసుపుపచ్చని పూలు, గట్లపై ప్రాకుట, అన్నియు అడవి కందివలెనే ఉండును. తేడాలు మూడు. దీని చిట్టి ఆకు పేకముక్కలోని డైమను గుర్తువలె నాలుగు మూలలుగా ఉండును. పూలకాడ ఆకును మించి పొడవుగా బయటికి వచ్చి, దానిపై పూలు దూరదూరముగా ఉండును. కాయలో రెండే గింజలు ఉండును. పొడవైన నూగు దట్టముగా ఉండదు. సందేహము కలిగినచో కాయ విప్పి గింజలు లెక్కింపుడు.

శంఖపుష్పము: ఆకులో అయిదు మొదలు ఏడు చిట్టి ఆకులు, పువ్వు నీలము లేక తెలుపు, చాల పెద్దది. దీనితో పొరపాటు పడనక్కరలేదు.

మిగిలిన రెంటి విషయమున జాగ్రత్త వహింపవలెను. మొదటిది దూలగొండి. దాని కాయపైనను గోధుమరంగు నూగు దట్టముగా ఉండును. అది చర్మమునకు తగిలినచో భరింపరాని దురద, మంట పుట్టించును. దూలగొండి ఆకు అరచేతి అంత పెద్దది. పూలు ముదురు ఊదారంగున గుత్తులుగా వ్రేలాడును. కాయ వ్రేలంత పొడవు, వంకర తిరిగి ఉండును. నూగు గల కాయను చేతితో ముట్టుటకు ముందు ఆకు పరిమాణము చూడుడు. ఆకు చిన్నదైన తరువాతనే కాయను పట్టుకొనుడు.

రెండవది గురివింద. దాని ఆకు చింతాకువలె జంటలు జంటలుగా అనేక చిట్టి ఆకులు కలది; గింజ ఎర్రగా, ఒక కొన నల్లగా ఉండును. ఆకునుబట్టి అడవి కందికి దీనికి పోలిక లేదు. అయినను గట్లపై తీగలు చూపుటకు పిల్లలను వెంట తీసికొనిపోవువారికి ఈ హెచ్చరిక అవసరము. గురివింద గింజలో ఘోరమైన విషము కలదు. గింజను నమిలినను, చిల్లి పడిన గింజను మ్రింగినను ప్రాణాపాయము. పిల్లవాడు నోట పెట్టుకొన్నట్లు తెలిసినచో లక్షణముల కొరకు వేచియుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

దీనివలన కంది రైతుకు ఏమి?

ఇప్పుడు ఆ రైతు అడిగిన ప్రశ్నకు వత్తము. కందికి పూత, కాయ దశలలో కాయతొలుచు పచ్చపురుగు చేయు నష్టము మీరెరిగినదే. పురుగు తల కాయలోనికి దూర్చి, సగము శరీరము బయట నుంచి, గింజను తినివేయును. కందికాయపై ఉండు నూగులో కొంత జిగురు స్రవించునట్టిది. ఆ స్రావము పురుగుపిల్లలను ఆకర్షించునని పరిశోధనలలో తేలినది. అడవి కంది తీగ కాయపై అట్టి జిగురు నూగు లేదు. దానికి బదులు జిగురు లేని నూగు దట్టముగా అల్లుకొని యుండును. గ్రుడ్డునుండి అప్పుడే వచ్చిన పిల్లపురుగు ఆ నూగులో చిక్కి కాయ పొట్టును చేరుటకు కష్టపడును. మీరు పంపుతో కొట్టు మందు చేయు పనిలో కొంతభాగము ఈ తీగకు పుట్టుకతోనే వచ్చినది.

ఈ గుణమును కందిలోనికి తెచ్చుటకు వీలు కలదా? కలదు. కందికిని, ఈ తీగకును క్రోమోజోముల సంఖ్య ఒకటే, 22. రెంటిని సంకరపరచినచో విత్తనము పట్టును. ఆ విత్తనమునుండి మొక్క వచ్చును. అయితే పని సులభము కాదు. మంచి గుణముతోపాటు తీగసాగుట, గింజ చిన్నదగుట, కాయ పగిలి గింజ రాలిపోవుట కూడ సంకరములోనికి వచ్చును. వానిని తొలగించుటకు సంకరమును మరల మరల కందితోనే కలుపుచు, తరతరమునకు ఏరుచు పోవలెను. ఇది ఏండ్లు పట్టు పని. కాబట్టి ఈ తీగను నమ్ముకొని నేడు మీ చేనులో సస్యరక్షణ మానరాదు. ఎకరమునకు 4 లింగాకర్షక బుట్టలు పెట్టుట, పక్షులు వ్రాలుటకు కొమ్మలు నాటుట, పురుగు ఉనికిని చూచి మందు వాడుట మీరు చేయుచునే ఉండవలెను.

కాని ఇప్పటికే రైతు చేతికి అందిన మేలు ఒకటి కలదు. అది సంకర కంది. పప్పు పంటలలో సంకర విత్తనము చేయుట కష్టము. పువ్వు చిన్నది, ప్రతి పువ్వునుండి పుప్పొడి తిత్తులను చేతితో తీసివేయుట పెద్ద ఎత్తున సాధ్యము కాదు. పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థనుండి 1991లో ఐ.సి.పి.హెచ్. 8 అను సంకర కంది వచ్చెను. ప్రపంచమున పప్పు ధాన్యములలో మొదటి సంకర రకము అదే. అయితే దాని విత్తనోత్పత్తిలో ఆడ వరుసలలోని సగము మొక్కలను, పుప్పొడి గలవానిని, పూత సమయమున పీకివేయవలసి వచ్చెను. ఖర్చు ఎక్కువై అది నిలువలేదు.

అప్పుడు శాస్త్రజ్ఞులు అడవి బంధువుల తలుపు తట్టిరి. అడవి కంది తీగను తల్లిగా పెట్టి, దానిపై కంది పుప్పొడిని తరతరమునకు వేయుచు పోగా, చూచుటకు కందివలెనే ఉండి పుప్పొడి మాత్రము పనిచేయని మొక్కలు లభించెను. అట్టి మొక్కల వరుసను ఆడ వరుసగా ఉంచినచో తేనెటీగలే సంకరము చేయును. ఏ మొక్కను పీకనక్కరలేదు. ఈ తీగ ఇచ్చిన ఆ గుణముతో గుజరాతులో జి.టి.హెచ్. 1 అను సంకర కంది 2004లో విడుదలయ్యెను. పిమ్మట తూర్పు కనుమల వైపు దొరకు మరియొక అడవి బంధువు 'కజానస్ కజానిఫోలియస్' నుండి ఇదే గుణమును తెచ్చి ఇక్రిశాట్ వారు మరికొన్ని సంకర రకములు తయారుచేసిరి. వానిలో ఐ.సి.పి.హెచ్. 2740 మన తెలంగాణమున 'మన్నెంకొండ కంది' అను పేర విడుదలైనది.

మాంసకృత్తుల విషయము కూడ చెప్పవలెను. సాధారణ కందిపప్పులో మాంసకృత్తులు 20 మొదలు 22 శాతము దరిదాపు ఉండును. ఈ తీగను, మరి రెండు అడవి జాతులను కందితో సంకరపరచి 28 శాతము దరిదాపు మాంసకృత్తులు గల కంది వరుసలను సాధించిరి. పప్పే బలమగు ఇండ్లకు ఇది చిన్న సంగతి కాదు.

"జన్యునిధులలో విత్తనములు దాచియున్నారు గదా, మా గట్టుమీదిది పోయిన నేమి?" అని మీరు అడుగవచ్చును. ఇక్రిశాట్ జన్యునిధిలో 13 వేలకు పైగా కంది నమూనాలు కలవు; వానిలో అడవి జాతులును కలవు. కాని డబ్బాలో చలిలో ఉన్న విత్తనము సేకరించిన నాటి స్థితిలోనే ఉండును. గట్టుమీద బ్రతుకు తీగ ప్రతి ఏటి ఎండను, ప్రతి ఏటి తెగులును, ప్రతి ఏటి పురుగును ఎదుర్కొని గింజ రాల్చుచున్నది. మేడ్చలు ఎర్రరాతి నేలలో తట్టుకొని నిలిచిన గుణము ఆ నేలలో పెరుగు తీగలోనే దినదినము సానపట్టబడును. జన్యునిధియు కావలెను, గట్టును కావలెను. గట్టును చదును చేసి హద్దురాళ్ళు పాతిన తరువాత ఆ గుణమును మరల ఎక్కడనుండియు కొనలేము.

కొన్ని సందేహములు

ఇది కలుపు మొక్కగా మారి చేనును ఆక్రమించునా? దున్నిన భూమిలో ఇది నిలువలేదు. గట్లు, బీళ్ళు, కంచెలు దీని చోటు. చేనులోనికి వచ్చిన ఒకటి రెండు మొక్కలను కలుపుతోపాటు తీసివేయవచ్చును. గట్టుమీది దానిని ఉంచుడు.

ప్రక్కనున్నచో నా కంది విత్తనము కల్తీ యగునా? పైన చెప్పిన సంకరములు శాస్త్రజ్ఞులు చేతితో పుప్పొడి వేసి చేసినవి. గట్టుమీది నాలుగు తీగలవలన పప్పుకొరకు వేసిన మీ కంది మారిపోవునను భయము వలదు. విత్తనముకొరకు పండించువారు వేరుపాటు దూరము ఎట్లును పాటింపవలెను. వారు ఈ తీగను విత్తన చేనుకు దూరముగానున్న గట్టుపై ఉంచుకొనుట మేలు.

తెగుళ్ళను తెచ్చునా? ఈ ప్రశ్నకు దాపరికము లేకుండ జవాబు చెప్పవలెను. కందికి వచ్చు వెర్రితెగులును వ్యాప్తిచేయునది కంటికి కనబడని నల్లి. ఆ నల్లి కందిపైనను, కంది అడవి బంధువులలో కొన్నిటిపైనను మాత్రమే బ్రతుకును. అడవి కంది తీగ అట్టి వానిలో నొకటి. కొన్ని తీగలు తెగులును తట్టుకొనును, కొన్ని తట్టుకొనలేవు. ఆకులపై లేత, ముదురు పసుపు మచ్చలు కలసి కనబడి, ఆకులు చిన్నవై, పూత రాని తీగ ఉన్నచో దానిని పీకి కాల్చివేయుడు. ఆరోగ్యముగా పూచి కాచు తీగను ఉంచుడు. మోడుకంది నుండి మరల చిగిర్చిన మొక్కలను తీసివేయుట దీనికంటె ముఖ్యము. కొత్త పంటకు తెగులు అంటుటకు అవి పెద్ద ఆధారము.

మీరు చేయవలసినది

ఒకటి: సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు మీ గట్లను, బీళ్ళను ఒకసారి నిదానముగా చూడుడు. పైన చెప్పిన అయిదు గుర్తులలో కనీసము ఆకు, కాయ, గింజ ఈ మూడును సరిపోయిన తరువాతనే అడవి కంది యని నిర్ణయింపుడు.

రెండు: తీగ దొరికిన గట్టులో నాలుగు గజముల మేర విడిచిపెట్టుడు. అక్కడ కలుపు మందు కొట్టకుడు. కాయలు పగిలి గింజ రాలు వరకు, అనగా జనవరి దాక, గడ్డిని కోయకుడు, నిప్పు పెట్టకుడు. తరువాత పశువులను మేపుకొనవచ్చును. రాలిన గింజ మరుసటి వానకు మొలచును.

మూడు: ఇల్లు కట్టుటకో, అమ్ముటకో గట్టు పోవుట తప్పనిచో, గోధుమరంగు తిరిగిన కాయలను కాగితపు సంచిలో కోసి ఎండబెట్టుడు. సంచిలోనే కాయలు పగులును. గింజ పైపొర గట్టిది. ఊరకే విత్తినచో చాలకాలము మొలవదు. ఇసుక కాగితముపై గింజను కొంచెము రుద్ది, వాన పడిన తరువాత మిగిలిన మరియొక గట్టుపై విత్తుడు.

నాలుగు: ఆకు, పువ్వు, కాయ గల కొమ్మను పాత పత్రికా కాగితముల నడుమ ఉంచి బరువు పెట్టి ఆరబెట్టుడు. దొరికిన ఊరు, తేది, నేల రకము ఒక చీటీపై వ్రాసి దానితో ఉంచుడు. మీ వ్యవసాయ విస్తరణాధికారికి చూపవచ్చును. రాజేంద్రనగరమున జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రము కలదు. ఇట్టి మొక్కలను పరిశీలించి భద్రపరచుట వారి పని.

అయిదు: మీ గ్రామమునందు జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయునప్పుడు ఈ తీగ పేరును, అది ఉన్న చోటును అందులో ఎక్కింపుడు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము నాటు రకములను, పంటల అడవి బంధువులను కాపాడు రైతులకు జన్యునిధి నుండి గుర్తింపును, బహుమానమును పొందు హక్కు నిచ్చినది. కాపాడినది వ్రాతలో ఉన్నప్పుడే ఆ హక్కు పనికివచ్చును.

మనవారు పెరటి చెట్టు మందుకు పనికిరాదందురు. దాపుననున్న దానిని మనము లక్ష్యపెట్టమని దాని భావము. గుజరాతులో సంకర కందికి తల్లియైన తీగజాతియే మన చెలక గట్టుపై ఎవరి కంటను పడక పూచుచున్నది. ఆనాడు చెలకలో నన్ను ప్రశ్నించిన రైతు చివరకు పీకిన తీగను పారవేయక, దాని కాయలను ఏరి రుమాలులో మూటగట్టుకొనెను. "గట్టు ఎన్నొద్దులుంటదో తెల్వదు. బావి ఒడ్డుమీద చల్లుత" అనెను. ఈ కార్తీకమున మీ గట్టుపై పసుపుపచ్చని పూల తీగ కనబడినచో, కొడవలి వేయుటకు ముందు ఒక కాయ విప్పి చూడుడు.